మొదలు మీకు, కొస నాకు

ఇంటర్వెల్ అయిపోయి లైట్లు ఆరిపోయినా గంగామణికి తెర కనిపించడం లేదు, రామ్‌దాస్ మెడ కనిపిస్తోంది. రెండు వరుసల ముందు, సరిగ్గా ఎదురుగా, పొద్దున్నే కటింగ్ చేయించుకున్న మెడ, దాని కింద ఇస్త్రీ మడత నలగని తెల్ల కాలరు, కాలరు మీద లావుపాటి బంగారు గొలుసు. తమ్ముణ్ణి చంపినవాడి మెడ ఇంత నున్నగా ఉంటుందా అని ఆమెకు ఒళ్ళు మండిపోతోంది. ఈ ఆరేళ్ళలో ఆమె జుట్టు సగం తెల్లబడింది, తల్లి మంచం పట్టి పోయింది, ఊళ్ళో ఇంటికి తాళం పడి దూలాలకు చెదలు పట్టింది, వీడికి మాత్రం మెడ మీద ఒక చెమటకాయ కూడా లేవలేదు. పాపం పండుతుందని చెప్పిన పెద్దలెవరో గానీ అది ఏ కారు పంటగా కాపుకొస్తుందో, ఎన్ని తడులు పెట్టాలో చెప్పకుండానే పోయారు. చెరుకైతే ఏడాదికి కోతకొస్తుంది. పాపం అట్లా కాదు కాబోలు, చేసినవాడి పొలంలో ఏపుగా పెరుగుతూనే ఉంటుంది, పక్కవాళ్ళ పొలమే ఎండుతుంది.

మధ్యాహ్నం ఆట. బోధన్‌లో ఈ హాలు ఇట్లా నిండి ఎన్నాళ్ళయిందో, ఇవాళ ముందు బెంచీల నుంచి బాల్కనీ దాకా ఈగ దూరే సందు లేదు. తెర మీద ఉన్నవాడూ తెర ముందు కూర్చున్నవాడూ ఒకడే కావడమే దానికి కారణం. రామ్‌దాస్ కథనే హైదరాబాద్ వాళ్ళు సినిమా తీశారు, పేరులో సగం కొరికేసి దాసు అని పెట్టారు, మనసనేదే లేని మనిషి, నవ్వుతూ చంపే మనిషి, చంపొచ్చి కాళ్ళు కడుక్కుని అన్నం తినే మనిషి అని పోస్టర్ల మీద గొప్పగా రాశారు. ఆ గొప్పతనానికి అసలు హక్కుదారుణ్ణి తానేనని రామ్‌దాస్ ఊరూరా చెప్పుకుంటున్నాడు. కోర్టులో నేను కాదన్నవాడు సినిమా హాల్లో నేనే అంటున్నాడు, దీన్ని పట్టుకునే చట్టం మాత్రం లేదట. ఆట అవగానే అనుచరులు ఇక్కడే, తెర ముందే, వాడికి సన్మానం చేస్తారని ఫోన్‌లో చూసి గంగామణి నిజామాబాద్ నుంచి బస్సెక్కి వచ్చింది. అక్కడ కంఠేశ్వర్‌లో ఆమె ఆయాగా పనిచేసే క్లినిక్‌లోనే ఎస్తర్ కూడా పనిచేస్తుంది. ఒక్కదాన్నే పంపితే ఏం చేసి కూర్చుంటుందోనని సెలవు పెట్టి మరీ వెంట వచ్చింది. పదిమందిలో వాడి పరువు ఈ నేల మీద పడేసి తొక్కిగానీ తిరుగు బస్సెక్కనని గంగామణి ఒట్టు పెట్టుకుంది. ఎట్లాగన్నదే తేలలేదు. చెప్పు విసిరితే పిచ్చిదంటారు. మొహాన ఉమ్మితే తుడుచుకుని నవ్వుతాడు, వాడికి నవ్వడం బాగా వచ్చు. అరిచి చెబుదామంటే ఆరేళ్ళ కింద కోర్టు మెట్ల మీద గొంతు పోయేదాకా అరిచింది, పక్కనున్న లాయరు చెవిలో వేలు పెట్టుకుని దారి చూసుకున్నాడు.

“అక్కా, వాని దిక్కు సూడకు. సినిమా సూడు, లేకుంటె కండ్లు మూస్కో,” అంది ఎస్తర్ చిన్నగా.

“కండ్లు మూస్తె తమ్ముడు కనవడ్తడే.”

“పగ తీర్చుడు దేవుని పని అక్కా. మనది కాదు.”

“ఆరేండ్లు ఆయనకే ఇడిసిపెట్టిన గద. ఆయనకు నాకంటె ఎక్కువ పనులున్నట్టున్నయ్.”

తెర మీద చెరుకు తోట వచ్చింది. తోట వెనక మూతపడ్డ ఫ్యాక్టరీ పొగగొట్టం, ఎర్రమట్టి బాట, ట్రాక్టరు మీద కాలు మీద కాలేసుకుని హీరో. హాలు హాలంతా లేచి నిలబడింది, ఎందుకంటే ఇప్పుడు ఆ మాట వస్తుందని వాళ్ళకు తెలుసు. హీరో ఒక గడ తీసుకున్నాడు, పళ్ళతో పొట్టు చీల్చాడు, మోకాలికేసి విరిచాడు, తియ్యగా ఉండే మొదలు ముక్క బాటన పోయే పిల్లకిచ్చాడు, చప్పటి కొస తన నోట్లో పెట్టుకున్నాడు, ఒక కన్ను మూసి తల పక్కకు వాల్చి నవ్వాడు. “మొదలు మీకు, కొస నాకు” అన్నాడు. వాడు అనలేదు, హాలు అంది, అన్ని గొంతులూ కలిసి అన్నాయి. ఆ మాట ఇప్పుడు ఆటోల వెనక అద్దాల మీద ఉంది, క్లినిక్‌లో సూది వేయించుకోవడానికి ఏడ్చే పిల్లల్ని నవ్వించడానికి కంపౌండరు కూడా అదే అంటాడు, అన్నప్పుడల్లా గంగామణి ట్రే కింద పెట్టి బయటికి పోతుంది. ఆ మాట తమ్ముడు లింబాద్రిది. ఆ కన్ను మూయడం లింబాద్రిది. పొద్దంతా కూలీలతో చెరుకు ఎక్కించి, ట్రాక్టరు ఇంటిముందు ఆపి, వాడకట్టు పిల్లలందరికీ మొదళ్ళు పంచి, మిగిలిన కొసలు నములుతూ గడపలో కూర్చునేవాడు. నువ్వొక్క మొదలు తినరా అంటే, “నాకు కొస సాలే అక్కా, తీపి ఎక్కువైతె పండ్లు పుచ్చుతయ్,” అనేవాడు. పళ్ళకేం కాలేదు. ఆఖరికి వాణ్ణి గుర్తుపట్టింది ఆ పళ్ళతోనే. సొమ్మొకడిది సోకొకడిది అంటారు, ఆ సామెత పుట్టించినవాళ్ళకు కూడా ఇట్లాంటి సోకు ఒకటి వస్తుందని తోచి ఉండదు.

ఇవన్నీ సినిమావాళ్ళకు ఎట్లా తెలిశాయి? గంగామణే ఇచ్చింది, గిన్నెలో పోసి ఇచ్చినట్టు ఇచ్చింది. డైరెక్టరు మల్లికార్జున్ ఊరికి వచ్చినప్పుడు తల్లి ఇంకా బతికే ఉంది. సన్నటి మనిషి, కళ్ళజోడు, మెత్తటి మాట. జొన్నరొట్టె తిన్నాడు, మిరపకారం నాలుకకు తగిలి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, మీ తమ్ముడి కథే తీస్తానమ్మా, ఊరికి జరిగిన అన్యాయం లోకానికి తెలియాలి, కాస్త ఆయన గురించి చెప్పండి అన్నాడు. చెప్పమంటే ఎట్లా చెబుతారు? చచ్చిపోయిన మనిషి గురించి ఆ ఊళ్ళో ఆడవాళ్ళకు మామూలు మాటల్లో చెప్పడం రాదు. నోరు తెరిస్తే శోకం వస్తుంది. ఎవరైనా బంధువులు గడప తొక్కగానే ఇంటామె వాళ్ళ మెడ మీద పడి రాగం ఎత్తుకుంటుంది, పోయినవాడు నడిచిన నడక, తిన్న తిండి, అన్న మాట, చేసిన మేలు, ఒక్కొక్కటే పేరు పెట్టి పిలిచి ఏడుస్తుంది, ఊపిరి అందక ఆగినచోట రెండో ఆమె అందుకుంటుంది, ఏడుపు కింద పడకుండా అట్లా చేతులు మారుతుంది. చచ్చినవాడి కళ్ళు చారెడు అని మగవాళ్ళు వెక్కిరిస్తారు గానీ ఆ చారెడు కళ్ళు చెక్కేది ఆడవాళ్ళ గొంతులే. ఆ రోజు గంగామణి తన తల్లి మెడ మీద పడి ఎత్తుకుంది, తల్లి అందుకుంది. ఓ నా లింబాద్రో, కొస తిని మొదలు పంచినవురో తమ్ముడో, అవ్వ చెయ్యి ఇరిగితె నూనె రాసి జడేసినవురో తమ్ముడో, ఒక్క కన్ను మూసి నవ్వితివిరో నా కొడుకో. మల్లికార్జున్ ఎదురుగా ఫోను పట్టుకుని కూర్చున్నాడు, అతనూ ఏడ్చాడు, నిజంగానే ఏడ్చాడు, ముక్కు చీదిన చప్పుడు ఆమెకు ఇప్పటికీ చెవిలో ఉంది. ఏడుస్తూనే ఫోను పడిపోకుండా పట్టుకున్నాడు.

తర్వాత టీవీలో అదే మనిషి కాలు మీద కాలేసుకుని చెప్పాడు. మనసు లేని మనిషిని చూపిస్తే ప్రేక్షకుడు భయపడతాడు గానీ ప్రేమించడు, ప్రేమించకపోతే డబ్బులిచ్చి రాడు, అందుకని నా దాసుకు కొన్ని మెత్తని అలవాట్లు పెట్టాను అన్నాడు. పెట్టాడట! ఎక్కడి నుంచి తెచ్చి పెట్టాడో అడగడానికి ఆ పక్కన కూర్చున్న యాంకరు పిల్లకు తోచలేదు. క్లినిక్ హాల్లో పేషెంట్ల మధ్య నిలబడి ఆ మాట విన్న గంగామణి, చేతిలోని ఫినాయిల్ బకెట్ అక్కడే వదిలి, మందుల గదిలోకి పోయి తలుపేసుకుంది. రామ్‌దాస్‌లో వెతికితే వాళ్ళకు ఏమీ దొరకలేదన్నమాట. అంత పెద్ద సినిమా కంపెనీ, అన్ని కెమెరాలు, అంత వెతికినా వాడి దగ్గర చూపించుకోవడానికి ఒక్కటంటే ఒక్క మంచి అలవాటు దొరకలేదు, అందుకని చంపినవాడికి చచ్చినవాడి బట్టలు తొడిగారు.

చంపింది కూడా దేనికని. పొలం తగాదా కాదు, ఆడమనిషి గొడవ కాదు, పార్టీ కాదు. ఎవరి చెరుకు ముందు కోయాలో, ఎవరి బండి ముందు కదలాలో అప్పట్లో రామ్‌దాస్ చేతిలో ఉండేది, నాందేడ్ వైపు నుంచి వచ్చే కోత కూలీలు వాడి చెప్పుచేతల్లో ఉండేవాళ్ళు. ఒకరోజు చెరుకు తూచే కాంటా దగ్గర, నిండుగా ఎక్కించిన ట్రాలీ మీద నిలబడి కూలీలను తిడుతూ తిడుతూ కాలు జారి కింది బురదలో కూర్చున్నాడు. మరాఠీ ఆడకూలీలు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. లింబాద్రి ఆ నవ్వేదేదో పూర్తిగా నవ్వాడు, ఒక కన్ను మూసి, తల వాల్చి. నవ్వుతూనే చెయ్యి ఇచ్చి లేపాడు. రామ్‌దాస్ ఆ చెయ్యి పట్టుకుని లేచాడు, వాడూ నవ్వాడు, అందరికీ చాయ్ తెప్పించాడు. ఇంటికొచ్చి లింబాద్రి, “రామ్‌దాస్ మంచోడే అక్కా, నేను ఊకెనె భయపడ్డ,” అన్నాడు. అంత తెలివితక్కువ మాట వాడు పుట్టాక అనలేదు. కొద్ది రోజులకు, అడవిపందుల కావలికని తోట నడుమ గుడిసెలో పడుకున్నవాడి చుట్టూ నాలుగు మూలలా ఒకేసారి మంట లేచింది. బీడీ నిప్పు పడిందన్నారు. లింబాద్రి బీడీ ముట్టడు. తోట దగ్గర రామ్‌దాస్ జీపు చూసినవాడు చూడలేదన్నాడు, విన్నవాడు వినలేదన్నాడు, రామ్‌దాస్ తల్లి వసంతమ్మ జడ్జి ముందు నిలబడి, నా కొడుక్కు ఆ రోజు జ్వరం, నేనే తడిగుడ్డ వేసిన అని చెప్పింది. కేసు కొట్టేశారు. వసంతమ్మా, గంగామణి తల్లీ పెళ్ళయి వచ్చిన కొత్తలో ఒకే అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టినవాళ్ళు, ఒకరి చేటలో ఆకు అయిపోతే ఇంకొకరి చేటలోంచి తీసుకున్నవాళ్ళు. కోర్టు బయట గంగామణి తల్లి, “వసంతా, నిజంగ జొరముండెనా?” అని అడిగింది. వసంతమ్మ చెప్పులు వేసుకోవడం కూడా మరచి ఎండలో నడిచిపోయింది.

ఆ వసంతమ్మ ఇప్పుడు ఇక్కడే ఉంది. నడవకు అవతల, ఇదే వరుసలో, పట్టుచీర కట్టించి కూర్చోబెట్టారు, సన్మానానికి తల్లి ఉండాలి కదా. ఇంటర్వెల్‌లో లైట్లు వెలిగినప్పుడు ఇద్దరి కళ్ళూ కలిశాయి. వసంతమ్మ కళ్ళు దించుకుని చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. ముసలిదైపోయింది, చేతిగాజులు మోచేతి దాకా జారుతున్నాయి. జాలి పడాల్సిన సంగతే, గంగామణి పడలేదు. నీ కొడుక్కు జ్వరమట, నీ తడిగుడ్డ పాడుగాను, నీ కడుపు కాలా అని లోపల్లోపలే తిట్టుకుంది. తిట్టుకున్నకొద్దీ కొంచెం హాయిగా కూడా ఉంది.

తెర మీద ఇప్పుడెవరో పోలీసు ఎవరినో వెంటాడుతున్నాడు, పాట వస్తోంది. ఇట్లాంటి సినిమాలంటే లింబాద్రికి ప్రాణం, అదే ఆమెకు మింగుడుపడదు. దయా దాక్షిణ్యం లేని విలన్ ఎంత మెల్లగా మాట్లాడితే వాడు అంత గట్టిగా ఈల వేసేవాడు. ఇదే హాల్లో, బహుశా ఈ కుర్చీల్లోనే, తీసుకొచ్చి కూర్చోబెట్టి, అక్కా సూడు సూడు, ఇప్పుడు సూడు వాడు ఎట్ల నవ్వుతడో అని మోచేత్తో పొడిచేవాడు. గంగామణి కూడా తక్కువ తినలేదు, పల్లీలు నములుతూ అన్నీ చూసింది, చచ్చేవాళ్ళ మొహాలు ఒక్కటీ గుర్తులేవు, చంపేవాళ్ళ మొహాలన్నీ గుర్తున్నాయి. పాపం రా అంటే, “ఏం పాపమే, సినిమాల సచ్చినోడు లేసి చాయ్ తాగుతడు,” అని నవ్వేవాడు. ఊళ్ళో కూడా రామ్‌దాస్‌ను మొదట అట్లాగే చూశారేమో, ఆ నడక, ఆ మెల్లటి మాట, ఆ నల్ల జీపు, చూడటానికి బాగుందనుకున్నారేమో. ఎవరికి భయపడుతున్నామో వాడి మీదనే మోజు పడటం మనుషులకు ఎక్కడి నుంచి వచ్చిన రోగం? ఈ ఈలలు వేస్తున్న పోరగాళ్ళలో ఒక్కడైనా కాలిన చెరుకు తోట వాసన చూశాడా, ఆ వాసన మొదట తియ్యగా ఉంటుందని వీళ్ళకు తెలుసా?

ఆ మంట తెర మీదికి వచ్చింది. ఎస్తర్ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది, పెదవులు కదులుతున్నాయి, ప్రార్థన చేస్తోంది. ఇక్కడ లింబాద్రికి వేరే పేరు పెట్టారు, పోలీసులకు వార్తలు మోసే పిరికివాణ్ణి చేశారు, మెల్లకన్ను పెట్టారు, కాళ్ళ మీద పడి ఏడ్చేవాణ్ణి చేశారు. వాడి దగ్గరున్న మంచివన్నీ దాసుకు పోయాక వాడికి ఇవ్వడానికి ఇవే మిగిలాయి. వాడు తోటలో అటూ ఇటూ పరుగెత్తుతుంటే వెనక డప్పు మోగుతోంది, చుట్టూ మంట మెల్లగా, ఎంతో అందంగా లేస్తోంది, దాసు బాట మీద నిలబడి కొస నములుతున్నాడు. మంటలో చిక్కినవాడు కేక పెట్టిన తీరుకు ముందు బెంచీల్లో ఎవరో మేకలా అరిచారు, హాలు పగలబడి నవ్వింది. రామ్‌దాస్ భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు. గంగామణి ఆ భుజాలనే చూస్తూ ఉంది, తెరమీది మంట వెలుగు వాటి మీద పడి ఎర్రగా ఆడుతోంది, ఈ మనిషి ఇవాళ ఇక్కడినుంచి నవ్వుతూ లేచిపోకూడదు, పోనియ్యను, ఏదైనా సరే పోనియ్యను అనుకుంది. ఆమెకు ఏడుపు రాలేదు. కడుపులో ఉన్నదంతా మంటే.

తర్వాతి సీనులో దాసు ఇంటికొచ్చి చేతులు కడుక్కున్నాడు. తల్లి గడపలో కూర్చుని ఉంది, చెయ్యి విరిగి మెడకు కట్టు. దాసు గిన్నెలో కొబ్బరినూనె వెచ్చబెట్టి, తల్లి వెనక గొంతు కూర్చుని, పాయ పాయగా తీసి నూనె రాశాడు, చిక్కు విప్పాడు, మూడు పాయల జడ వేశాడు, చివర రిబ్బను దొరక్క తన చేతిరుమాలు చింపి కట్టాడు. ఆడవాళ్ళు ముక్కులు చీదుతున్నారు. ఎంత చెడ్డోడైనా తల్లంటే ప్రాణం పాపం అని వెనక ఎవరో అన్నారు. ఆ రుమాలు సంగతి శోకంలో గంగామణి చెప్పిందే, ఆమె తల్లి ఆ పీలికను చచ్చేదాకా దాచుకుంది. కళ్ళు తెర మీద నిలవలేక నడవ అవతలికి తిరిగాయి. వసంతమ్మ తెర చూడటం లేదు. తల బాగా వంచుకుని ఉంది, కుడిచేత్తో ఎడమ మోచెయ్యి పట్టుకుని ఉంది. ఆ మోచెయ్యి సరిగ్గా చాపరాదని, బావి దగ్గర పడ్డానని చెప్పుకుంటుంది గానీ పడలేదని, కూర చల్లారిందని కొడుకు మెలిపెట్టాడని ఊళ్ళో అందరికీ తెలుసు. ఆమె నెత్తిన నూనె పెట్టిన చెయ్యి ఆమె జన్మలో లేదు. తెర మీద తల్లి కొడుకు చేతిని ముద్దు పెట్టుకుంటుంటే, వసంతమ్మ పట్టుకొంగు నోట్లో కుక్కుకుంది. చూడాలని లేకపోయినా గంగామణి చూసింది, చూసి, నువ్వు కూడా చూడు, బాగా చూడు, ఎవరి కొడుకుని నీ కొడుకని చూపిస్తున్నారో చూడు అనుకుంది.

సినిమాలో దాసు దొరకలేదు. పోలీసులను చంపి, స్నేహితుణ్ణి చంపి, పచ్చటి తోటలో నడుచుకుంటూ పోయాడు, వెనక్కి తిరిగి ఒక కన్ను మూశాడు, లైట్లు వెలిగాయి. ఎవరూ కదల్లేదు. తెర ముందు అరుగు మీద కుర్చీ పడింది, బంతిపూలతో చెరుకు ఆకులతో కట్టిన దండ వచ్చింది, మైకు గరగరలాడింది. రామ్‌దాస్ చేతులు జోడించి మెల్లగా నడిచి పోయి కూర్చున్నాడు, దండ వేయించుకున్నాడు. మైకు పట్టుకున్న పోరడు, “దాసన్నకు బొట్టు పెట్టనీకె ఆడబిడ్డలు ఎవరన్న రావాలె, ఊరి అక్కలు రావాలె,” అన్నాడు. గంగామణి లేచింది. ఎస్తర్, “అక్కా, వద్దే, పోదం పా, నీ కాల్మొక్త,” అని కొంగు పట్టుకుంది. కొంగు విడిపించుకుని నడవలోకి దిగింది. పోయి ఏం చేస్తుందో అప్పటికీ తెలియదు. ఆమెను ఆ పోరగాళ్ళెవరూ ఎరుగరు. రామ్‌దాస్ ఎరుగును. ఆమె అరుగెక్కుతుంటే గుర్తుపట్టాడు, కళ్ళలో భయం రాలేదు, సిగ్గు రాలేదు, సరదాగా ఒక మెరుపు వచ్చింది.

“రానియ్యుండ్రి, మా ఊరక్కనే,” అన్నాడు మైకులో పడేట్టు. పక్కన అలంకారానికి నిలబెట్టిన చెరుకు గడల్లోంచి ఒకటి లాగి, మోకాలికేసి విరిచి, మొదలు ముక్క ఆమె ముందుకు చాపాడు. ఒక కన్ను మూశాడు. తల పక్కకు వాల్చాడు. “తీస్కో అక్కా. మొదలు నీకే.”

హాలు ఈలలతో ఊగిపోయింది. గంగామణి ఆ మొహంలోకి చూసింది. అద్దం ముందు నిలబడి నేర్చుకుని ఉంటాడు, సినిమా చూసి చూసి నేర్చుకుని ఉంటాడు, ఎంత బాగా వచ్చిందంటే ఒక్క క్షణం ఆమె చెయ్యి దానంతట అది ముందుకు పోయింది. వీడి ముందు ఇంకేం అరుస్తుంది, ఎవరి కోసం అరుస్తుంది? తమ్ముడి పేరెత్తి ఏడిస్తే, సినిమాలోది ఏడుస్తోందని దానికీ చప్పట్లు కొడతారు. ఆ శోకం కూడా వాళ్ళు ఎత్తుకుపోయారు. అప్పుడు చిన్నప్పటిది ఒకటి తోచింది, చెరుకు బండి నీడలో పిల్లలంతా చావు ఆట ఆడుతూ తను ఉత్తుత్తిగా ఓ బాపో అని రాగం ఎత్తితే, కారం నూరుతున్న తల్లి ఆ చేత్తోనే వచ్చి మూతి మీద కొట్టింది, బతికున్నోళ్ళ పేరు శోకంల ఎత్తుతారె, వాళ్ళ కాలం మూడుతదే అని గజగజ వణికింది. ఆ ఊరి నుంచి ఈ బోధన్ దాకా, వర్ని దాకా, చందూర్ దాకా ఏ ఆడది చేయని పని అది. కట్టిన తాళి మీద ఒట్టేసి అబద్ధమాడినవాళ్ళున్నారు గానీ కుర్చీలో కూర్చున్న మనిషికి శోకం తీసినవాళ్ళు లేరు. గంగామణి కుర్చీ ముందు గొంతు కూర్చుంది. రెండు చేతులూ నేల మీద కొట్టింది. రాగం ఎత్తింది.

“ఓ రామ్‌దాసో... ఓ వసంతమ్మ కొడుకో... పోతివా కొడుకో... దండేసిండ్రు కొడుకో, నిన్ను కుర్సీల కూసోబెట్టిండ్రు కొడుకో...”

ఈలలు మొదట ఆగలేదు, తర్వాత ముందు బెంచీల్లో ఆగాయి, ఆ తర్వాత ఆడవాళ్ళ వైపు ఆగాయి, అవి ఆగిన తీరు వేరు. మైకు పోరడి చేతిలోనే ఉంది, దాన్ని పక్కకు జరపాలని వాడికి తోచలేదు. రామ్‌దాస్ ఇంకా నవ్వుతున్నాడు, ఇదేదో తన కోసమేననుకుని. గంగామణి ఒక్కొక్కటే ఎత్తుతోంది. శోకంలో పోయినవాడి సొంత ముచ్చట్లు చెప్పాలి, వీడికి ఉన్నవి ఆమె చెబుతోంది. కాలు జారిపడితె నవ్విండని నా తమ్మున్ని కాలవెడ్తివిరో కొడుకో. లేపిన చెయ్యిని బూడిద జేస్తివిరో కొడుకో. కూర సల్లగైందని కన్నతల్లి చెయ్యి ఇరిసినవురో కొడుకో. నీ పేరు చెప్పి ఏడ్వనీకె ఒక్క మంచి ముచ్చట లేకపాయె కొడుకో, నా తమ్ముని ముచ్చట కప్పుకొని పోతున్నవురో కొడుకో. బాల్కనీలో ఒక ముసలామె, బతికున్నోనికి, అయ్యయ్యో, బతికున్నోనికి అని తల కొట్టుకుంటోంది. పిల్లల కళ్ళు మూసి తల్లులు లేస్తున్నారు. దండ వేసినవాడు దండ వైపు చూసి, తన చేతుల వైపు చూసుకుని, అరుగు దిగాడు. ఎర్రటి బంతిపూలు, వెనక తెల్లటి తెర, ఎదురుగా నేల మీద కూర్చుని ఏడ్చే ఆడమనిషి, ఇప్పుడు కుర్చీలో ఉన్నది ఏమిటో హాల్లో అందరికీ కనిపించింది. రామ్‌దాస్‌కు కూడా కనిపించినట్టుంది, నవ్వు మొహం మీదే ఉండిపోయింది, దాన్ని ఎట్లా తీయాలో వాడికి తెలియలేదు. “ఆపుండ్రి దీన్ని,” అన్నాడు. ఎవరూ ముట్టుకోలేదు. శోకం తీసే ఆడదాన్ని ముట్టుకోవడానికి ఎంత రౌడీకైనా చెయ్యి రాదు.

వచ్చింది వసంతమ్మ. పట్టుచీర కాళ్ళకు అడ్డం పడుతుంటే నడవలో పరుగెత్తుకుంటూ వచ్చింది, అరుగు మీద మోకాళ్ళ మీద పడి గంగామణి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. “వద్దు బిడ్డా, వద్దు, వాని పేరు ఎత్తకు, నీ కాళ్ళు పట్టుకుంట,” అంది. ఆ అరచేతిలో పొగాకు వాసన, అమ్మ చేతి వాసన, ఆ వాసనకు గంగామణి ఆగిపోయి ఉండేది, కానీ ఆగలేదు, ఆ చేతి వెనక నుంచే ఇంకో మాట ఎత్తింది. “ఆ పొద్దు జొరం లేకుండెరో వసంతమ్మ కొడుకో...” నోటి మీది చెయ్యి వదులైంది. వసంతమ్మ ఆమె మొహంలోకి ఒకసారి చూసింది, చూసి, ఆరేళ్ళుగా మింగినదేదో గొంతులోకి వచ్చినట్టు, రెండు చేతులూ ఆమె మెడ చుట్టూ వేసి భుజం మీద పడింది. ముసలి గొంతు, పగిలిన గొంతు, మైకులో హాలంతా వినిపించింది. “లేకుండెరో కొడుకో... జొరం లేకుండె... నువ్వు ఎన్నడో పోయినవురో నా కొడుకో, నేనే నిన్ను ఇంట్ల పండవెట్టుకొని కావలున్నరో...” హాల్లో ఆడవాళ్ళు ఏడవడం మొదలుపెట్టారు, ఎవరికోసమో వాళ్ళకు తెలియదు. ఆ బరువు మెడ మీద మోస్తూ, ఇది తను అడిగినదానికంటే ఎక్కువేనని గంగామణికి తెలిసింది, ఇంటికి పోతే ముసలిదాన్ని కొడుకు బతకనియ్యడని తెలిసింది, ఇప్పుడు ఆపితే ఇంకా ఆపవచ్చని కూడా తెలిసింది.

రామ్‌దాస్ కుర్చీలోంచి లేచాడు. తెల్ల చొక్కా మీద బంతి రేకులు అంటుకుని ఉన్నాయి. తల్లి వెనక నిలబడి భుజం పట్టి ఊపాడు.

“అవ్వా. అవ్వా, నేను ఈడనే ఉన్ననే. బతికే ఉన్న. ఇటు సూడే.”

వసంతమ్మ చూడలేదు. ఆమెకు ఊపిరి అందక ఆగినచోట గంగామణి అందుకుంది.